మాట పడిపోయింది అంటే ఏది పడిపోయినట్టు?

పక్షవాతం వచ్చినవారి గురించి చెప్పేటప్పుడు మన ఇళ్ళలో ఒక మాట వాడతాం. "కాలూ చెయ్యీ పడిపోయింది, మాట కూడా పడిపోయింది" అంటాం. అది విన్నవారు ఇంకేమీ అడగరు. పరామర్శకు వెళ్ళినవారు మంచం పక్కన కూర్చుని, మంచం మీదున్న మనిషితో కాక ఆయన భార్యతోనో కొడుకుతోనో మాట్లాడి, ప్రార్థన చేసి, పళ్ళు అక్కడ పెట్టి లేచి వచ్చేస్తారు. ఆయన వింటున్నాడు, కళ్ళు తిప్పి అందరినీ చూస్తున్నాడు. అయినా ఆ గదిలో ఆయన లేనట్టే మాటలు నడుస్తాయి. ఒక్కోసారి ఆయన ఆస్తి గురించీ, ఆయన ఇంకెన్నాళ్ళుంటాడన్న సంగతీ ఆయన ముందే మాట్లాడుకుంటారు.

ఈ వారం మేము ఆ ఒక్క మాటనే విప్పి చూడదలిచాం. "మాట పడిపోయింది" అనే దాని కింద కనీసం నాలుగు వేర్వేరు పరిస్థితులున్నాయి. నోటి కండరాలు బలహీనపడి మాట ముద్దముద్దగా రావడం ఒకటి. చెప్పాలనుకున్నదానికి పదాలు, వాక్యాలు దొరక్కపోవడం మరొకటి. ఎదుటివారు చెప్పేది అర్థం కాకపోవడం మూడోది. నాలుగోది మనలో చాలామంది పేరు కూడా వినని అప్రాక్సియా. మాట్లాడలేని మనిషికి అర్థం కూడా కావడం లేదని తీర్మానించేసుకోవడం, అంటే నాలుగోదాన్ని మూడోదిగా పొరబడటం, పెద్దవాళ్ళ విషయంలోనూ పిల్లల విషయంలోనూ మన మధ్య ఎక్కువగా జరుగుతున్న అన్యాయం.

"పడవ" అనే చిన్న మాట తీసుకోండి. 'ప' అనాలంటే పెదవులు రెండూ మూసుకుని తెరుచుకోవాలి. 'డ' అనాలంటే నాలుక కొన పైకి మడిచి అంగిలిని తాకాలి. 'వ' దగ్గర కింది పెదవి పై పళ్ళ దగ్గరికి రావాలి. వీటికి తోడు ఊపిరీ, గొంతులోని స్వరతంత్రులూ సమయానికి అందాలి. ఇదంతా ఒక సెకను కూడా గడవకముందే అయిపోతుంది, మనం దేని గురించీ ఆలోచించం. ఈ కదలికల క్రమాన్ని సిద్ధం చేసి కండరాలకు పంపే ఏర్పాటు ఒకటి మెదడులో ఉంది. చాలామందిలో అది ఎడమవైపు ఉంటుంది. పసితనంలో కష్టపడి నేర్చుకుని, తర్వాత జీవితమంతా ఆలోచన లేకుండా వాడుకునే ఏర్పాటు అది. అప్రాక్సియా అంటే అక్కడ దెబ్బ తగలడం. పెదవుల్లో బలం ఉంటుంది. నాలుక కదులుతుంది. చెప్పవలసిన మాట మనసులో స్పష్టంగా ఉంటుంది. దాన్ని నోటి దాకా తెచ్చే క్రమమే తప్పిపోతుంది.

రేవులో పనిచేసినవారికి ఇది ఇలా చెబితే తేలిగ్గా అందుతుంది. ఓడ వచ్చింది. సరుకు భద్రంగా ఉంది. క్రేనుకు ఏ లోపమూ లేదు, ఆపరేటరు సీట్లోనే ఉన్నాడు. కానీ ఏ పెట్టె ముందు దించాలో, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితం తడిసి చెదిరిపోయింది. సరుకు దిగదు, దిగినా తప్పుచోట దిగుతుంది. అది చూసి ఓడ ఖాళీగా వచ్చిందని ఎవరైనా రాసుకుంటే?

మాటకు సంబంధించిన అప్రాక్సియాకు కొన్ని గుర్తులున్నాయి. మనిషి మాట కోసం పెదవులతో, నాలుకతో వెతుక్కుంటున్నట్టు కనిపిస్తాడు. నోరు ఒక ఆకారంలో పెట్టి, కాదని మార్చి, మళ్ళీ మొదలుపెడతాడు. మాట నెమ్మదిగా, అక్షరం అక్షరంగా విడివిడిగా వస్తుంది. పదం పొడవయ్యేకొద్దీ కష్టం పెరుగుతుంది. "బడి" అనగలిగినవాడు "బడికెళ్ళిపోతున్నాడు" దగ్గర ఆగిపోతాడు. తెలుగులో ఒకే పదానికి ప్రత్యయాలన్నీ అతుక్కుని పెద్ద గొలుసు అవుతుంది కాబట్టి మన భాషలో ఈ ఇబ్బంది త్వరగా బయటపడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అచ్చులు సాగిపోవడం ఈ స్థితిలో మామూలు. మనకేమో అచ్చు సాగితే అర్థమే మారిపోతుంది. "పడు" అనబోతే "పాడు" అని వినిపిస్తుంది, "గడి" అనబోయి పట్టి పలికితే "గడ్డి" అవుతుంది. వినేవాళ్ళు ఏదో సంబంధం లేని మాట అన్నాడనుకుంటారు. ఆయన అన్నది సరైన మాటే, దాని కొలత తప్పింది.

అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఏమిటంటే, తాను తప్పు పలికానని ఆ మనిషికి తెలుస్తుంది. తల అడ్డంగా ఊపుతాడు, విసుక్కుంటాడు, కొందరైతే ఏడుస్తారు. ఆ ఏడుపును చూసి "మెదడు దెబ్బతింది కదా, ఊరికే ఏడుస్తాడు" అని సర్దిచెప్పుకోవడం మేము చాలా ఇళ్ళలో విన్నాం. పక్షవాతం తర్వాత అదుపు లేని ఏడుపు రావడం నిజమే. కానీ ప్రతి ఏడుపూ అది కాదు.

కండరాల బలహీనత వల్ల వచ్చే ముద్దమాట దీనికి భిన్నంగా ఉంటుంది. అక్కడ తప్పు ప్రతిసారీ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది, చొల్లు కారడం, మింగడంలో ఇబ్బంది తోడవుతాయి. అప్రాక్సియాలో ఒకే మాట మూడుసార్లు అడిగితే మూడు రకాలుగా రావచ్చు. ఒకసారి చక్కగా వచ్చి, మరు నిమిషం అసలు రాకపోవచ్చు. ఇక్కడే ఇంట్లోవాళ్ళకు అనుమానం మొదలవుతుంది: "ఇందాక బాగానే అన్నాడే, కావాలనే చేస్తున్నాడు." కావాలని చేసేది కాదు. నిలకడ లేకపోవడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

ఇప్పుడు అర్థం కాకపోవడం సంగతి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడు, ఏళ్ళ తరబడి ఆసుపత్రిలో ఉంటూ "టాన్" అనే ఒక్క ధ్వని తప్ప ఏమీ పలకలేని ఒక రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందు భాగంలో దెబ్బ ఉందని చూపాడు. ఆ రోగికి ఎదుటివారు చెప్పింది చాలావరకు అర్థమయ్యేది. పదమూడేళ్ళ తర్వాత, 1874లో, కార్ల్ వెర్నికే అనే జర్మను వైద్యుడు దీనికి తలకిందులైన రోగులను వర్ణించాడు. వాళ్ళు ధారాళంగా మాట్లాడతారు. స్వరం, ఊపు, వాక్యం నడక అన్నీ మామూలుగానే ఉంటాయి. కానీ మాటల్లో అర్థం ఉండదు, లేని పదాలు దొర్లుతాయి, తాము తప్పు మాట్లాడుతున్నామని వాళ్ళకు తెలియదు. ఎదుటివారు చెప్పేదీ పట్టుబడదు. చిత్రమేమిటంటే, గలగలా మాట్లాడుతున్నాడు కాబట్టి ఇలాంటి మనిషికి "మాట పడిపోలేదు" అని ఇంట్లోవాళ్ళు సంతోషిస్తారు. నిజానికి సాయం ఎక్కువ కావలసినది ఆయనకే కావచ్చు. ఒక్క మాటా రాని పక్క మంచం ఆయనకు అంతా అర్థమవుతూ ఉండవచ్చు.

అర్థం చేసుకోవడంలో లోపం అన్నిసార్లూ పూర్తిగా ఉండదు. చిన్న మాటలు తెలిసి పెద్ద వాక్యాలు జారిపోవచ్చు. తెలుగులో దీన్ని పట్టుకోవడానికి మంచి దారి ఉంది. "పులి మేకను చంపింది" అనండి. తర్వాత "పులిని మేక చంపింది" అనండి. పదాలు అవే, వరుస అదే. 'ని', 'ను' అనే చిన్న ప్రత్యయాలు మాత్రం చోటు మారాయి. రెండోది విని నవ్వినవాడికి వాక్యం అందింది. అర్థంలో లోపం ఉన్నవాడు లోకజ్ఞానం మీద ఆధారపడి రెండుసార్లూ పులే చంపిందంటాడు. రోజువారీ మాటల్లో లోకజ్ఞానంతో నెట్టుకొచ్చేస్తాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో "ఈ మాత్ర తిన్నాక కాదు, తినకముందు వేసుకోవాలి" అన్నప్పుడు బయటపడుతుంది, లేదా బయటపడకుండానే నష్టం జరిగిపోతుంది.

ఇక్కడిదాకా తేడా తేలికగానే ఉంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, అప్రాక్సియా నోటికే కాదు, చేతులకూ వస్తుంది. అప్పుడు అది అచ్చం అర్థం కాకపోవడంలాగే కనిపిస్తుంది. "చెయ్యి ఊపండి" అంటే ఊపడు. "దువ్వుకునేటట్టు చూపించండి" అంటే చేతిని నుదుటి దగ్గర పెట్టి ఆగిపోతాడు. డాక్టరు రౌండ్స్‌లో నిమిషం తీరిక లేకుండా ఉంటే "ఆజ్ఞలు పాటించడం లేదు" అని కేసు షీటులో రాసుకుంటారు. ఇంట్లోవాళ్ళు దాన్ని "అర్థం కావడం లేదట" అని అనువదించుకుంటారు.

ఈ పొరపాటును మొట్టమొదట స్పష్టంగా పట్టుకున్నది హ్యూగో లీప్‌మన్ అనే జర్మను వైద్యుడు. 1900లో ఆయన ప్రచురించిన కథనం నూటపాతికేళ్ళు గడిచినా చదవదగినది. నలభై ఎనిమిదేళ్ళ ఒక ప్రభుత్వోద్యోగిని, బుద్ధి మందగించింది, మాటలు అర్థం కావడం లేదు అనే నిర్ధారణతో బెర్లిన్‌లో ఆసుపత్రిలో చేర్చారు. ఏ వస్తువు చూపమన్నా ఆయన తప్పు చూపేవాడు. లీప్‌మన్ ఒక సంగతి గమనించాడు. ఆ రోగి ఎప్పుడూ కుడిచేత్తోనే ప్రయత్నిస్తున్నాడు. ఆ కుడిచేతిని పట్టి ఆపి, ఎడమచేత్తో చూపమన్నాడు. ఎడమచెయ్యి సరైన సమాధానాలు చెప్పడం మొదలుపెట్టింది. ప్రశ్న అదే, మనిషీ ఆయనే. అంతకుముందు తప్పుచెప్పింది ఆయన తెలివి కాదు, ఆయన కుడిచెయ్యి. వైద్యంలో ఇంత చిన్న ప్రయోగంతో ఒక మనిషికి తన బుద్ధిని తిరిగి ఇప్పించిన సందర్భాలు ఎక్కువ ఉండవని మా అభిప్రాయం.

కాబట్టి చేతితో చేసి చూపమని అడిగి అర్థాన్ని కొలవకూడదు. మరెలా? "అవును, కాదు" ప్రశ్నలు అడగాలి. అదీ జోడుగా అడగాలి. "ఇది విశాఖపట్నమా?" అని అడిగితే సరిపోదు, కాసేపటికి "ఇది విజయవాడా?" అని కూడా అడగాలి. కొందరు అన్నిటికీ తల ఊపుతారు, కొందరికి తల ఊపడంలోనే అప్రాక్సియా ఉండి అవును అనబోయి కాదు అన్నట్టు ఊపుతారు. తల ఊపడం నమ్మకంగా లేదనిపిస్తే, ఒక కాగితం మీద పెద్ద టిక్కు, మరో కాగితం మీద ఇంటూ గీసి, దేనివైపు చూస్తారో గమనించవచ్చు. ఇంట్లోవాళ్ళ ఫొటోలు నాలుగు పరిచి "మీ పెద్ద కోడలు ఏది?" అని అడగవచ్చు. అడిగేటప్పుడు మన చెయ్యి కానీ చూపు కానీ సమాధానం వైపు వెళ్ళకూడదు. ఇది మనం తెలియకుండానే చేస్తాం. మరో దారి, దువ్వెన పట్టుకుని మనమే ఒకసారి తల దువ్వుతున్నట్టు, ఒకసారి పళ్ళు తోముతున్నట్టు చేసి, ఏది సరైనదో చెప్పమనడం. చేయలేనివాడు గుర్తుపట్టగలిగితే లోపం చేతలోనే ఉంది. "కళ్ళు మూసుకోండి", "ఒకసారి లేవండి" లాంటి, మొత్తం శరీరానికి లేదా ముఖానికి సంబంధించిన పనులు చేతి అప్రాక్సియా ఉన్నవాళ్ళలో కూడా చాలాసార్లు నిలిచి ఉంటాయి. అవి చేస్తూ చేతి పనులు మాత్రం చేయలేకపోతే అది కూడా ఒక ఆధారం.

ఈ పరీక్షలు ఇంట్లోవాళ్ళు జబ్బుకు పేరు పెట్టడం కోసం చెప్పడం లేదు. పక్షవాతం తర్వాత పదాలు దొరకని స్థితీ, అప్రాక్సియా, కొంత అర్థలోపమూ ఒకే మనిషిలో కలిసి ఉండటం సాధారణం. ఏది ఎంత అని విడదీయడం స్పీచ్ థెరపిస్టు పని, దానికి గంటలు పడుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు "ఏమీ తెలియడం లేదండి" అనకుండా "ఇలా అడిగితే చెప్పగలిగారు, ఇలా అడిగితే చెప్పలేకపోయారు" అని చెప్పగలిగితే చాలు, సగం పని ముందుకు జరుగుతుంది.

మన ఊరికి సంబంధించి ఒక సంగతి తప్పక చెప్పాలి. చెవి. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసు, రోలింగ్ మిల్లు, కంప్రెసర్ల దగ్గర, రేవులో యంత్రాల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనవారి వినికిడి ఎంత మిగిలి ఉంటుందో వాళ్ళ ఇంట్లో టీవీ శబ్దాన్ని బట్టే తెలుస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టుకు 90 డెసిబెల్స్ మించకూడదని మన దేశంలో ఫ్యాక్టరీల నియమం. చెవిలో పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గులు జేబులోనే ఉండిపోయేవని పాతవారు నవ్వుతూ చెబుతారు. శబ్దం వల్ల ముందు పోయేది సన్నని, పై స్థాయి ధ్వనులు. 'స', 'త', 'క' లాంటివి సరిగా వినపడవు, కానీ ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి మాట ఆగితే, "పిలిస్తే పలుకుతున్నాడు కానీ చెప్పింది తెలియడం లేదు" అనే నిర్ధారణకు రావడం ఎంత తేలికో చూడండి. అర్థం చేసుకునే శక్తిని కొలిచే ముందు వినికిడి పరీక్ష జరగాలి. ఆయనకు ముందే చెవి యంత్రం ఉంటే ఆసుపత్రిలో అది పెట్టండి. కళ్ళజోడు కూడా. ఐసీయూలో చేర్చేటప్పుడు ఈ రెండూ ఇంటికి పంపేస్తారు, తర్వాత తెచ్చి ఇవ్వడం ఎవరికీ గుర్తుండదు.

ఇక మన సంఘాలలో ప్రత్యేకంగా ఎదురయ్యే విషయం. "నీళ్ళు కావాలి" అనలేని మనిషి, అందరూ పాడుతుంటే కీర్తన మొదటి చరణం స్పష్టంగా పాడేస్తాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెడితే కలిసి చివరిదాకా చెప్పేస్తాడు. ఒకటి నుంచి పది దాకా అంకెలు, వారాల పేర్లు, "అయ్యో", "ఆమేన్", కోపం వస్తే ఒక తిట్టు కూడా వచ్చేస్తాయి. చూసినవారిలో సగంమంది స్వస్థత జరిగిందంటారు. మిగతా సగం, మాట్లాడగలిగీ మాట్లాడడం లేదంటారు. రెండూ కాదు. వేలసార్లు పలికి అలవాటైపోయిన మాటల గొలుసు ఒకటిగా, తనంతట తానుగా వస్తుంది. అప్పటికప్పుడు కొత్తగా కూర్చుకోవలసిన మాట వేరే దారిన రావాలి, ఆ దారే మూతపడింది. పాట వచ్చింది కాబట్టి మాట వచ్చేసినట్టు కాదు. అయితే పాటను వదిలేయనక్కర్లేదు. రాగంతో, చేతితో తాళం వేస్తూ రోజువారీ మాటలను పలికించే చికిత్సా పద్ధతిని అమెరికాలో 1970ల మొదట్లోనే రూపొందించారు, కొందరికి అది ఉపకరిస్తుంది. కీర్తన పాడించడం దానితో సమానం కాదు. కానీ నెలల తరబడి తన గొంతు తాను విననివాడికి ఆ చరణం ఎంత ధైర్యమో పక్కన కూర్చుని విన్నవారికి తెలుసు.

పరామర్శకు వెళ్ళే కాపరులకు, సంఘ పెద్దలకు లూకా మొదటి అధ్యాయంలో ఒక వివరం గుర్తుచేస్తాం. జెకర్యాకు మాట పోయిన తర్వాత, బిడ్డకు ఏం పేరు పెట్టాలని బంధువులు ఆయనను అడిగింది సైగలతో. ఆయనకు వినికిడి కూడా పోయిందా అని వ్యాఖ్యానకర్తలు చర్చిస్తారు, అది వేరే సంగతి. మాట్లాడలేనివాడితో మనం చెవిటివాడితో మాట్లాడినట్టు మాట్లాడతామన్నది మాత్రం ఏ వార్డులోనైనా కనిపిస్తుంది. గొంతు పెంచుతాం, పసిపిల్లలతో మాట్లాడినట్టు సాగదీస్తాం. జెకర్యా పలక తెప్పించుకుని పేరు రాశాడు. అప్రాక్సియా ఉన్నవాళ్ళలో కూడా కొందరు రాసి చెప్పగలరు, ఎడమచేత్తో వంకరటింకరగానైనా సరే. పలక ఇచ్చి చూస్తే కదా తెలిసేది.

పిల్లల విషయానికి వస్తే కథ కొంచెం మారుతుంది. పుట్టుకతోనే ఈ ప్రణాళికా శక్తి సరిగా ఏర్పడని పిల్లలుంటారు. వెయ్యి మందిలో ఒకరో ఇద్దరో అని అంచనా. చాలామందిలో కారణం తెలియదు. లండన్‌లోని ఒక కుటుంబంలో మూడు తరాలుగా ఇలాంటి మాట ఇబ్బంది నడుస్తుండగా, 2001లో ఫాక్స్‌పీ2 అనే జన్యువులో మార్పు దానికి కారణమని కనుగొన్నారు. అలాంటి జన్యు కారణం కొద్దిమందిలోనే దొరుకుతుంది. మన ఇళ్ళలో చెప్పే కారణాలు మాత్రం చాలా ఉన్నాయి. వస పోయలేదు, నాలుక కింద నరం కొయ్యలేదు, వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి. వస కొమ్ము అరగదీసి పసిపిల్లలకు నాకించడం వల్ల మాటలు రావు, వాంతులు రావచ్చు. మరీ బిగుసుగా ఉన్న నాలుక వల్ల పాలు తాగడంలో ఇబ్బంది వస్తుంది, కొన్ని ధ్వనులు తేడాగా రావచ్చు, కానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

మూడున్నరేళ్ళ గుంటడున్నాడనుకోండి. "మంచం కింద ఉన్న నాన్న చెప్పులు తెచ్చి అమ్మమ్మకివ్వు" అంటే, వేలు చూపకపోయినా, తెచ్చి ఇస్తాడు. కథ చెబితే సరైన చోట నవ్వుతాడు. కావలసినదానికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపిస్తాడు. కానీ నోట్లోంచి వచ్చేవి నాలుగైదు ధ్వనులే. నిన్న "బంతి" అన్నాడు, ఇవాళ "తంతి", "బమి". అచ్చులు కూడా తేడాగా పలుకుతాడు. అనమంటే నోరు తెరిచి వెతుక్కుంటాడు. ఇది అప్రాక్సియా కావచ్చునని అనుమానించవలసిన బిడ్డ. మరో బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరగడు, లేదా తిరుగుతాడు కానీ వేలు చూపితే తప్ప చెప్పింది చేయలేడు, అడిగిన ప్రశ్ననే తిరిగి అప్పజెబుతాడు. ఆ బిడ్డకు ముందు వినికిడి పరీక్ష, తర్వాత భాషను అర్థం చేసుకోవడం, ఆటిజం వంటివి చూడాలి. రెండూ కలిసి ఉన్న పిల్లలు కూడా ఉంటారు. మూడేళ్ళలోపు అప్రాక్సియా అని గట్టిగా చెప్పడం నిపుణులకే కష్టం. కానీ పేరు తేలేదాకా చికిత్స ఆపనక్కర్లేదు.

అసలు ప్రమాదం బడిలో చేర్చేటప్పుడు. మాటతో సమాధానం చెప్పవలసిన తెలివి పరీక్ష పెడితే మొదటి బిడ్డకు తక్కువ మార్కులు వస్తాయి. బుద్ధిమాంద్యం అని కాగితం మీద పడుతుంది. ఆ కాగితం వెంట బడి, పింఛను, ఇంట్లో ఇచ్చే మర్యాద అన్నీ నడుస్తాయి. అలాంటి బిడ్డకు బొమ్మల నమూనాలు పూర్తి చేయించే, నోరు విప్పనక్కర్లేని పరీక్షలున్నాయి. "మా బాబుకు మాట అవసరం లేని పరీక్ష పెట్టండి" అని సైకాలజిస్టును అడగడానికి తల్లిదండ్రులకు మొహమాటం అక్కర్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మాట, భాషా వైకల్యం వేరు, బుద్ధి వైకల్యం వేరు. సదరం శిబిరానికి వెళ్ళేముందే ఈ తేడా తెలిసి ఉండాలి. ఆదివారపు బడి ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. కంఠతా వాక్యం అప్పజెప్పని బిడ్డకు వాక్యం రాదని కాదు. నాలుగు బొమ్మలిచ్చి కథను వరుసగా పేర్చమనండి, ఎవరికెంత తెలుసో అప్పుడు తెలుస్తుంది.

విశాఖలో ఇంకో ప్రశ్న తరచుగా వస్తుంది. 1933లో ఓడరేవు మొదలైనప్పటి నుంచీ, తర్వాత ఉక్కు కర్మాగారం వచ్చాక మరీ, ఇక్కడికి ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఉక్కునగరంలో ఒకే మెట్ల మీద మూడు భాషలు వినిపిస్తాయి. మాట ఆలస్యమైన బిడ్డ ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడమని సలహా ఇచ్చేవారున్నారు. రెండు భాషలు వినడం వల్ల అప్రాక్సియా రాదు, ఒకటి మానేస్తే పోదు. క్రమం చెదిరితే అన్ని భాషల్లోనూ చెదురుతుంది. తీసేసిన భాష అమ్మమ్మది అయితే బిడ్డ అమ్మమ్మను కూడా పోగొట్టుకుంటాడు. పెద్దల విషయంలో మన తెలుగు నేల మీదే జరిగిన పరిశోధన ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండో భాష వచ్చినవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మందికే. అయితే భాష దెబ్బతినడం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగానే ఉంది. ఆలోచించే శక్తి, భాష వేర్వేరుగా దెబ్బతినగలవు, వేర్వేరుగా నిలవగలవు అని ఆ అంకెలే చెబుతున్నాయి.

చికిత్స గురించి క్లుప్తంగా. అప్రాక్సియాకు మందు లేదు, సాధన ఉంది. "నన్ను చూడు, విను, నాతోపాటు అను" అనే పద్ధతిలో, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, ఒకే మాటను అనేకసార్లు పలికించడం దాని సారం. వారానికోసారి గంటసేపు కూర్చోబెట్టడం కన్నా, రోజూ పది పదిహేను నిమిషాల చొప్పున చేయడం మేలు. ఎంచుకునే మాటలు పనికొచ్చేవిగా ఉండాలి. "ఏనుగు" కాదు, "మంచినీళ్ళు", "నొప్పి", "వద్దు", మనవరాలి పేరు. అర్థలోపం ఉన్నవారికి సాధన వేరు. అక్కడ మనం వాక్యాన్ని చిన్నది చేయాలి, బొమ్మ చూపాలి, టీవీ కట్టేసి మాట్లాడాలి. ఒకరి చికిత్స మరొకరికి చేస్తే కాలం వృథా. బొమ్మల పుస్తకమో ఫోనులో మాట్లాడే యాపో ఇస్తే నోరు తిరగడం మానేస్తుందన్న భయం వద్దు, అవి మాటకు అడ్డుపడవు. అతిథుల ముందు "తాతయ్యా, నా పేరు చెప్పు" అని పరీక్షలు పెట్టడం మాత్రం దయచేసి మానండి. ఒత్తిడిలో ఆ క్రమం ఇంకా చెదురుతుంది.

హఠాత్తుగా మాట తడబడినా, ముఖం ఒక వైపు జారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది. నెలల మీద మెల్లమెల్లగా మాట క్రమం తప్పుతుంటే అది వేరే రకం జబ్బు కావచ్చు, న్యూరాలజిస్టు చూడాలి. 1923 నుంచి ఈ ప్రాంతానికి పెద్ద దిక్కుగా ఉన్న కేజీహెచ్‌లో నాడీవైద్య విభాగం ఉంది, వాల్తేరులో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తారు. ఉక్కు, రేవు ఉద్యోగులకు వారి సొంత ఆసుపత్రులున్నాయి. డిశ్చార్జి రోజున స్పీచ్ థెరపీ గురించి ఎవరూ చెప్పకపోతే మీరే అడగాలి. ఫిజియోథెరపీ అడగడం మనవాళ్ళకు అలవాటైంది, ఇది ఇంకా కాలేదు.

చివరిగా డబ్బు సంగతి, ఎందుకంటే కుటుంబాల్లో గొడవ అక్కడే మొదలవుతుంది. కుడిచెయ్యి పడిపోయో, అప్రాక్సియా వల్లో సంతకం పోయినంత మాత్రాన ఖాతా మీద ఆ మనిషి హక్కు పోదు. జబ్బుపడి సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. వీలునామా, ఇంటి కాగితాల వంటివి ఉంటే, మాట రాకపోయినా అర్థం చేసుకునే శక్తి ఉందని డాక్టరు చేత తేదీతో రాయించి పెట్టుకోండి. ఆ పరీక్షలో అడిగిన ప్రశ్నలు, ఆయన ఏ విధంగా సమాధానం చెప్పాడన్నదీ అందులో ఉండాలి. ఇంటి గురించి మాట్లాడవలసి వస్తే ఆయన మంచం దగ్గరే కుర్చీలు వేసుకుని, టిక్కు కాగితం, ఇంటూ కాగితం ఆయనకు కనిపించేలా పెట్టి, ముందు ఆయననే అడగండి.